మెట్టుగూడ వంటింట్లో మెత్తని బన్ను

మెత్తని బన్ను బరువులో దాదాపు మూడో వంతు నీళ్లే. ఓవెన్‌లోంచి దిగి, చల్లారి, తెల్లవారేదాకా ఆ నీళ్లు ఉన్నచోటే ఉంటే బన్ను మెత్తగా ఉంటుంది. ఆవిరై పోయినా, పోకుండా లోపలే చోటు మారినా గట్టిపడుతుంది. పాలు, వెన్న, గుడ్డు, పంచదార అన్నిటికీ ఈ వంటలో తలా ఒక పని ఉంది. అయినా హోటళ్లలో డిన్నర్ రోల్ పేరుతో సూపు పక్కన పెట్టే ఈ చిన్న గుండ్రటి రొట్టె మెత్తదనం లెక్క చివరికి నీటి దగ్గరే తేలుతుంది.

రెండో లెక్క వేడిది. వంట పుస్తకాలు ‘పిండిని గది ఉష్ణోగ్రతలో గంటన్నర ఉంచండి’ అంటాయి. ఆ గది ఎక్కువగా చలిదేశాల గది. అక్కడ ఏడాది పొడవునా ఇంట్లో 20, 22 డిగ్రీలు ఉంటుంది. సికింద్రాబాద్ మెట్టుగూడలో మే నెల మధ్యాహ్నం వంటింట్లో 37 డిగ్రీలు, డిసెంబరు తెల్లవారుజామున 18, 19. గడియారం చూసి చేసే బన్ను ఈ ఊళ్లో ఏడాదిలో ఏ రెండు నెలలో కుదురుతుంది. మిగతా పది నెలలు పిండిని చూసి చేయాల్సిందే.

పటాలం, రైలు, బట్టీ

సికింద్రాబాద్‌లో ఈస్ట్ రొట్టె కథ పటాలంతో మొదలవుతుంది. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన కంపెనీ దండు దిగింది. 1806లో ఆ దండు ఊరికి మూడో నిజాం సికిందర్ జా పేరు వచ్చింది. తెల్ల సిపాయి రోజువారీ రేషన్‌లో రొట్టె ఉండేది కాబట్టి దండు ఉన్నచోట రొట్టెల బట్టీ ఉండక తప్పదు. పాతబస్తీకి రొట్టె వేరే దారిలో చేరింది. పురానీ హవేలీ దగ్గర 1851 నుంచి నడుస్తున్న మున్షీ నాన్ దుకాణంలో నాలుగు మూలల నాన్‌ను తందూరు గోడకు అంటించి కాలుస్తారు. ఇక నగరంలో అందరికీ తెలిసిన కరాచీ బేకరీని, దేశవిభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర తెరిచింది.

మెట్టుగూడకు రొట్టెను తెచ్చింది రైలు. వాడి జంక్షన్ నుంచి నిజాం రైలు మార్గం 1874లో సికింద్రాబాద్ చేరింది. 1893లో లాలాగూడలో బోగీల వర్క్‌షాప్ పెట్టారు. ఆ చుట్టుపక్కల మెట్టుగూడ, దక్షిణ లాలాగూడల్లో రైల్వే క్వార్టర్లు లేచాయి. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మెన్‌ల ఉద్యోగాల్లో ఆంగ్లో ఇండియన్లు ఎక్కువగా ఉండడంతో వాళ్ల కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. బాల్ కర్రీ, పసుపన్నం, కట్లెట్లు, స్టూ వండే ఆ ఇళ్లలో రొట్టె పండగ వంటకం కాదు, పూటపూటా ఉండాల్సిన సరుకు. స్వాతంత్ర్యం తర్వాత చాలామంది ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు, కెనడాకు వలసపోయారు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దాని కేంద్రమయ్యాక క్వార్టర్లలో తెలుగు, తమిళ, మరాఠీ కుటుంబాలు పెరిగాయి. కట్లెట్, బ్రెడ్డు మాత్రం రైలు భోజనంలో ఉండిపోయాయి.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇంట్లో బన్ను కాల్చుకోవడం ఈ పేటకు పాత అలవాటేమీ కాదు. ఇంటింటికీ ఓవెన్ ఉండేది కాదు. క్రిస్మస్ దగ్గరపడితే మైదా, వెన్న, గుడ్లు, నానబెట్టిన ఎండుపళ్లు కట్టుకుని బేకరీకి వెళ్లి, అక్కడే కేకు కలిపించి, బట్టీలో కాల్పించుకుని తెచ్చుకోవడం సికింద్రాబాద్ ఇళ్లలో ఇప్పటికీ ఉన్న ఆనవాయితీ. రోజూ తినే రొట్టె మాత్రం బేకరీవాడిదే. బన్ మస్కా కోసం ఇరానీ హోటల్ ఉండనే ఉంది. బన్నును కోసి, మధ్యలో మస్కా దట్టంగా రాసి, చాయ్‌లో ముంచుకు తినడం జంటనగరాల్లో ఎవరికీ నేర్పాల్సిన పని కాదు.

తెలుగు ఇళ్లలో రొట్టెకు ఇంకో ముద్ర పడింది. అది జ్వరం వచ్చినవాళ్ల తిండి. 1965లో ప్రభుత్వం మొదలుపెట్టిన మోడరన్ బేకరీస్ బ్రెడ్డు ఊరూరా దొరకడం మొదలయ్యాక కూడా, బ్రెడ్డు పొట్లం ఇంటికొస్తే ‘ఎవరికి బాగాలేదు?’ అని అడిగేవాళ్లు. ఆ సంస్థ 2000లో హిందుస్థాన్ లీవర్ చేతికి వెళ్లింది. ఆ ముద్ర పోవడానికి మాత్రం ఇంకొంత కాలం పట్టింది. పాలు, వెన్న, గుడ్డు పడిన బన్ను రోగి తిండి ఎప్పుడూ కాలేదు గనక దానికి ఈ బాధ లేదు.

కల్లు నుంచి ఈస్ట్ దాకా

బేకరీ ఈస్ట్ దొరకని కాలంలో దక్షిణ భారతంలో రొట్టె పిండిని పొంగించింది కల్లు. గోవాలో రొట్టెలు చేసే పొదేర్‌లు కొబ్బరికల్లు కలిపేవాళ్లు. మద్రాసు రాజధానిలో ఇంగ్లీషు దొరల వంటశాలల్లోనూ అదే పద్ధతి. గీసిన గంటల్లోనే కల్లు నురగలు కక్కడానికి కారణం అందులో సహజంగా చేరే ఈస్ట్. ఆ ఈస్ట్ పంచదారను తిని కార్బన్ డయాక్సైడ్‌ను, ఆల్కహాల్‌ను వదులుతుంది. ఇది బతికున్న జీవి చేసే పని అని 1857లో లూయీ పాశ్చర్ నిరూపించాడు. అమెరికాలో 1868లో ఫ్లైష్‌మన్ సోదరులు సిన్సినాటీలో అచ్చులుగా ఒత్తిన ఈస్ట్ తయారీ మొదలుపెట్టాక బేకరీవాడికి సారా బట్టీతో, కల్లు కుండతో అవసరం తీరిపోయింది. ఇప్పుడు బేకరీ ఈస్ట్‌ను చెరకు మొలాసిస్ మీద పెంచుతారు. కనుక కల్లు నుంచి చెరకుకు మారిందే తప్ప తీపిరసం దారి మారలేదు.

ఇంటికి కావలసింది ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్. 1970ల్లో వచ్చిన ఈ రకం సన్నటి రవ్వలా ఉంటుంది, నేరుగా పిండిలో కలపవచ్చు. యాక్టివ్ డ్రై ఈస్ట్ గింజలు కాస్త పెద్దవి. వాటిని గోరువెచ్చని పాలల్లో చిటికెడు పంచదారతో పది నిమిషాలు నానబెట్టాలి. నురగ కట్టకపోతే ఆ డబ్బాను పారేయడమే. చచ్చిన ఈస్ట్‌ను రెట్టింపు వేసినా బతకదు. కిరాణా కొట్లో ఎండ తగిలే అరలో నెలల తరబడి ఉన్న పొట్లం మీద నమ్మకం పెట్టుకోకూడదు. బేగంబజార్‌లోని బేకరీ సరుకుల దుకాణాల్లో పెద్ద ప్యాకెట్ చవక. తెచ్చాక గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే నెలలకొద్దీ పనిచేస్తుంది.

ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగడం చూసిన చేతికి ఈస్ట్ పిండి కొత్తగా తోచదు. కానీ లోపల జరిగేది వేరు. ఇడ్లీ పిండిలో గాలి పుట్టించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా. ఆ గాలిని పట్టి ఉంచేది మినప్పప్పు జిగురు. అందుకే ఇడ్లీ పిండిని రుబ్బాక మళ్లీ పిసకనక్కర్లేదు. గోధుమలో అలాంటి జిగురు సిద్ధంగా ఉండదు. నీళ్లు కలిపి, చేత్తో సాగదీసి తయారుచేసుకోవాలి.

ఏ పిండి, ఎంత నీళ్లు

ఆ జిగురు పేరు గ్లూటెన్. దీన్ని గోధుమపిండిలోంచి మొదట విడదీసి చూపింది బొలోన్యా నగరపు శాస్త్రవేత్త బెక్కారి. ఆయన పరిశోధన 1745లో అచ్చయింది. ఇంట్లోనూ చూడవచ్చు. మైదా ముద్దను కుళాయి కింద పట్టి నెమ్మదిగా పిసుకుతూ ఉంటే తెల్లటి పిండినీళ్లన్నీ పోయి చివరికి సాగే జిగురు ముద్ద మిగులుతుంది. గ్లూటెనిన్ దానికి బిగువునిస్తుంది, గ్లయాడిన్ సాగే గుణాన్నిస్తుంది. రెండూ నీళ్లు తగిలాకే ఒకదానికొకటి అల్లుకుంటాయి.

మన మైదాలో ప్రోటీన్ సాధారణంగా నూటికి 9 నుంచి 11 దాకా ఉంటుంది. విదేశీ వంటకాల్లో చెప్పే ‘బ్రెడ్ ఫ్లోర్’లో అది 12కు పైనే. అందుకే ఆ కొలతల్లో నీళ్లు పోస్తే మన మైదా ముద్ద కాకుండా జారిపోతుంది. బన్నుకు ఇది లోటు కాదు. పావు కిలో లోఫ్‌కు కావాల్సినంత బిగువు చేతిలో ఇమిడే బన్నుకు అక్కర్లేదు. అసలు తక్కువ ప్రోటీన్ పిండితోనే బన్ను మృదువుగా వస్తుంది.

చపాతీ పిండితో పూర్తిగా చేస్తే బన్ను బరువుగా దిగుతుంది. చక్కీలో రాపిడి వల్ల గోధుమ రేణువులు ఎక్కువగా పగిలి, నీళ్లు ఎక్కువ పీలుస్తాయి. చపాతీ మెత్తగా ఉండడానికి అదే కారణం. కానీ తవుడు పొట్టు గ్లూటెన్ పొరలను కోసేస్తుంది. ఆరోగ్యం కోసం పావు వంతు గోధుమపిండి కలుపుకోవచ్చు, అప్పుడు 15, 20 మిల్లీలీటర్ల పాలు అదనంగా పోయాలి. అంతకు మించితే అది ఇంకో రొట్టె.

ఇంటి బన్నుకు ఇంకో లాభం ఉంది. బేకరీ పిండికి బిగువు పెంచడానికి ఒకప్పుడు పొటాషియం బ్రోమేట్ వాడేవాళ్లు. 2016 మే నెలలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నివేదిక వచ్చాక, ఆ ఏడాదే దేశంలో దాన్ని నిషేధించారు. ఇంట్లో చేసుకునే పన్నెండు బన్నులకు ఏ మందూ అక్కర్లేదు, రెండు చేతులు చాలు.

పన్నెండు బన్నులకు 400 గ్రాముల మైదా, 115 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు, 40 గ్రాముల పంచదార, 50 గ్రాముల వెన్న, 7 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ కావాలి. వీటికి తోడు 125 మిల్లీలీటర్ల నీళ్లు, ముందుగా కాచుకునే గంజికి. వెన్న ఉప్పు వేసినదైతే ఉప్పును 6 గ్రాములకు తగ్గించాలి. గుడ్డు తినని ఇళ్లలో దాని బదులు మరో 40 మిల్లీలీటర్ల పాలు పోస్తే సరిపోతుంది, రంగు కొంచెం తగ్గుతుందంతే. కప్పులతో కొలవడం ఈ వంటలో నష్టం. ఒక కప్పు మైదా ఒకరి చేతిలో 120 గ్రాములు, ఇంకొకరి చేతిలో 150 తూగుతుంది. చిన్న కాటా ఈ వంటకు ఓవెన్ తర్వాతి ముఖ్యమైన పరికరం.

పంచదార, ఉప్పు రెండూ ఈస్ట్ మీద ప్రభావం చూపుతాయి. పంచదార కొద్దిగా ఉంటే ఈస్ట్‌కు ఆహారం, పిండిలో పదో వంతు దాటితే ఈస్ట్ కణంలోంచి నీళ్లు లాగేసి పని నెమ్మదించేలా చేస్తుంది. తియ్యటి బన్నులు కావాలనుకుని పంచదార రెట్టింపు చేసినవాళ్లు పిండి పొంగడం లేదని ఈస్ట్‌ను తిట్టుకోవడానికి కారణం ఇదే. ఉప్పు గ్లూటెన్‌ను బిగించి, పొంగు అదుపు తప్పకుండా చూస్తుంది. ఉప్పు మరిచిపోయిన పిండి తొందరగా పొంగి, తొందరగా కూలి, చప్పగా ఉంటుంది.

గంజి పని

కొలతల్లోని 25 గ్రాముల మైదాను 125 మిల్లీలీటర్ల నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉంటే 65 డిగ్రీల దగ్గర అది ఒక్కసారిగా చిక్కబడి, గరిట అడుగున గీత పడుతుంది. అప్పుడు దించేయాలి. చైనా వంటకాల్లో తంగ్‌జోంగ్ అని పిలిచే ఈ పద్ధతిని తైవాన్ రచయిత్రి ఇవాన్ చెన్ 2007లో రాసిన పుస్తకం ఆసియా అంతటా ఇళ్లకు చేర్చింది. జపాన్‌లో మరిగే నీళ్లు పోసి పిండి నానబెట్టే యుదానె పద్ధతి దీనికి దగ్గరిది. తెలుగువాళ్లకు ఇది చీరలకు పెట్టే గంజే.

ఇందులో జరిగేది ఇదీ. పచ్చి మైదా తన బరువులో సగానికి కాస్త పైగా నీళ్లు పీల్చి ఆగిపోతుంది. అదే పిండి ఉడికితే పిండిపదార్థ రేణువులు ఉబ్బి పగిలి అయిదు రెట్ల నీళ్లను పట్టేసుకుంటాయి. ఆ నీళ్లు ముద్దలో కలిశాక చేతికి అంటవు, ఎందుకంటే అవి గంజిలో బందీ అయి ఉన్నాయి. అంటే పిండి జారకుండానే దానిలో నీళ్లు పెరుగుతాయి. పొంగడానికీ మర్నాటి మెత్తదనానికీ ఇదే ఆధారం. గంజి లేకుండా కూడా బన్ను వస్తుంది, మొదటిరోజు తేడా పెద్దగా తెలియదు. రెండోరోజు తెలుస్తుంది.

చేతికి ముందు లెక్క

బేకరీవాళ్లు పిండి కలిపేముందు పాలెంత చల్లగా ఉండాలో లెక్కవేస్తారు. కలిపిన ముద్ద 27 డిగ్రీల దగ్గర ఉండాలనుకుంటే 27ను మూడుతో హెచ్చవేసి, వచ్చిన 81లోంచి గది వేడిని, పిండి వేడిని తీసేయాలి. మిగిలిందే పాల వేడి. మే నెలలో మెట్టుగూడలో గది 37, పిండి 36 అయితే మిగిలేది 8. అంటే పాలు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోయాలి. డిసెంబరులో గది 20, పిండి 20 అయితే 41, గోరువెచ్చని పాలు. చేత్తో పిసకడానికి ఈ లెక్క చాలు. మిక్సర్ అయితే రాపిడి వేడికి ఇంకా తగ్గించాలి. గంజి మాత్రం ఏ కాలంలోనైనా పూర్తిగా చల్లారాకే వేయాలి. 55 డిగ్రీలు దాటితే ఈస్ట్ చస్తుంది, 45 దగ్గరే పని మందగిస్తుంది.

ఈ లెక్క ఎందుకంటే, ఈస్ట్ పని ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది. డిసెంబరులో రెండు గంటలు పట్టే పొంగు మే నెలలో నలభై నిమిషాల్లో అయిపోతుంది. తొందరగా పొంగిన పిండికి పుల్లటి, సారా వాసన వస్తుంది, రుచి పెరగదు. అందుకే వేసవిలో ఈస్ట్‌ను 5 నుంచి 3 గ్రాములకు తగ్గించడం మంచిది. ఇంకా మంచిది, రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీయడం. 4 డిగ్రీల దగ్గర ఈస్ట్ దాదాపు నిద్రపోతుంది, రుచి మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

కలపడం, పిసకడం

వెన్న, ఉప్పు తప్ప మిగతావన్నీ, అంటే చల్లారిన గంజి, పాలు, గుడ్డు, పంచదార, ఈస్ట్, మైదా కలిపి ముద్ద చేసి ఇరవై నిమిషాలు మూతపెట్టి వదిలేయాలి. ఈ విరామంలో నీళ్లు లోపలిదాకా చేరి గ్లూటెన్ తనంతట తానే అల్లుకోవడం మొదలుపెడుతుంది, పిసికే పని సగం తగ్గుతుంది. ఆ తర్వాత ఉప్పు వేసి పిసకడం మొదలు. మొదటి అయిదు నిమిషాలు ముద్ద బల్లకూ వేళ్లకూ అంటుకుంటుంది. ఇక్కడే చాలామంది మైదా చల్లుతారు. ఆ గుప్పెడు మైదాతోనే బన్ను గట్టిపడుతుంది. చేతికి కాస్త నూనె రాసుకుని ఓపిక పట్టాలి. అరచేతి అడుగుభాగంతో తోయడం, మడవడం, తిప్పడం, ఇంతే పని. పది, పన్నెండు నిమిషాల్లో అంటుకోవడం తగ్గుతుంది.

అప్పుడు వెన్న వేయాలి, మెత్తబడ్డ వెన్నను మూడు నాలుగు విడతల్లో. ముందే వేస్తే కొవ్వు పిండి రేణువులకు పట్టి నీళ్లు చేరకుండా అడ్డుపడుతుంది, గ్లూటెన్ సరిగా కట్టదు. ఆలస్యంగా వేసిన వెన్న కట్టిన పొరల మధ్య చేరి అవి సులువుగా సాగేలా చేస్తుంది. వెన్న పడగానే ముద్ద విడిపోయినట్టు, పాడైనట్టు కనిపిస్తుంది. కంగారు పడకుండా ఇంకో అయిదారు నిమిషాలు పిసికితే మళ్లీ దగ్గరపడి నిగనిగలాడుతుంది. చిన్న ముద్దను వేళ్ల మధ్య మెల్లగా సాగదీస్తే చిరగకుండా, వెలుతురు కనిపించేంత పలచటి పొరగా రావాలి. చిరిగితే ఇంకొంచెం పిసకాలి.

నూనె రాసిన గిన్నెలో పెట్టి మూత వేయాలి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది, మూతలేని పిండిపై పావుగంటలో పొక్కు కడుతుంది. అది తర్వాత బన్ను లోపల గట్టి చారగా మిగులుతుంది. తడిగుడ్డ పిండిని తాకకుండా గిన్నె మీద వేస్తే చాలు. పిండి రెట్టింపయ్యాక, వేలికి మైదా అద్దుకుని అరంగుళం లోతుకు గుచ్చితే గుంట అలాగే ఉండాలి. వెంటనే పూడితే ఇంకా సమయం కావాలి. చుట్టూ కుంగిపోతే ఆలస్యమైనట్టు.

ఉండ నుంచి బన్ను దాకా

పిండిని మెల్లగా నొక్కి గాలి తీసి, 65 గ్రాముల చొప్పున పన్నెండు ముక్కలు చేయాలి. కళ్లతో కొలిచిన ముక్కలు ఎప్పుడూ సమానం కావు, సమానం కాని బన్నులు ఒకేసారి ఉడకవు. ఒక్కో ముక్కను అంచులు కిందికి మడిచి, పొడి బల్ల మీద గుప్పిటిని గొడుగులా పట్టి గుండ్రంగా తిప్పాలి. పైపొర బిగుసుకోవాలి. ఆ బిగువే బన్ను పక్కలకు పరుచుకోకుండా పైకి లేచేలా చూస్తుంది. ఉండ పైభాగం చిరిగితే అతిగా బిగించినట్టు, పది నిమిషాలు వదిలేసి మళ్లీ చుట్టవచ్చు.

23 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున్న ట్రేకు వెన్న రాసి మూడేసి చొప్పున నాలుగు వరుసలు పేర్చాలి. మధ్యలో వేలు పట్టేంత సందు. పొంగాక ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఆ ఆనుకోవడం వల్లనే పక్కలకు పెంకు కట్టదు, విడదీస్తే మెత్తటి పీచులా లేస్తుంది. బేకరీ పావ్‌ను పలకగా కాల్చేది ఈ కారణానికే. అమెరికాలో పేరుపొందిన పార్కర్ హౌస్ రోల్స్‌కూ ఇదే సూత్రం. బోస్టన్‌లో 1855లో తెరిచిన పార్కర్ హౌస్ హోటల్లో 1870ల్లో పుట్టిన ఆ రోల్స్‌ను మధ్యకు మడిచి వెన్న రాసి పక్కపక్కన పేర్చి కాలుస్తారు.

రెండో పొంగు మొదటిదానికంటే తక్కువ సమయం తీసుకుంటుంది, వేసవిలో 25 నిమిషాలు, చలికాలంలో గంట. చలికాలంలో ఓవెన్ ఆన్ చేయకుండా లోపల ఒక గిన్నెలో మరిగే నీళ్లు పెట్టి, పక్కన ట్రే ఉంచి తలుపు మూస్తే చాలు. వేలితో మెల్లగా నొక్కితే గుంట నిదానంగా సగం పూడాలి. ఈ దశలో ఆలస్యమైతే బన్ను ఓవెన్‌లో లేచి, బయటికి రాగానే ముడతలు పడి కూలుతుంది. ఇంట్లో చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతుంది, ముఖ్యంగా మార్చి నుంచి జూన్ మధ్య. అందుకే వేసవిలో ఉండలు చుట్టడం అయిపోగానే ఓవెన్‌ను వేడి చేయడం మొదలుపెట్టాలి.

ఓటీజీ అయితే పైనా కిందా రెండు కడ్డీలూ వేసి 180 డిగ్రీలకు పావుగంట వేడి చేయాలి. కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్‌లో ఫ్యాన్ గాలి పైపొరను ఎండబెడుతుంది కాబట్టి 170 చాలు. చెంచా పాలల్లో చెంచా గుడ్డుసొన కలిపి పైన పలచగా రాస్తే బంగారు రంగు వస్తుంది, పాలు ఒక్కటే రాసినా రంగు కొంత వస్తుంది. మధ్య అరలో 18 నుంచి 22 నిమిషాలు. పైన త్వరగా ముదిరితే రేకు కాగితం కప్పాలి. ఉడికిందో లేదో రంగు చూసి చెప్పడం కష్టం, పంచదార, పాలు ఉన్న పిండి లోపల పచ్చిగా ఉండగానే పైన ఎర్రబడుతుంది. మధ్య బన్నులో థర్మామీటర్ గుచ్చితే 90 డిగ్రీలు చూపాలి. థర్మామీటర్ లేకపోతే మధ్యలో ఒకదాన్ని కొంచెం పక్కకు లాగి చూడాలి. అతుక్కున్న చోట తడి జిగురు కనిపిస్తే ఇంకో మూడు నిమిషాలు.

ఓవెన్ లేని ఇంట్లో మందపాటి గిన్నె అడుగున ఉప్పు పోసి, స్టాండు మీద పళ్లెం పెట్టి సన్నని సెగ మీద కాలిస్తే బన్ను ఉడుకుతుంది. పైన ఎర్రబడదు, అంతే తేడా.

దించగానే పైన కరిగిన వెన్న రాసి, పలచటి బట్ట కప్పాలి. లోపలి ఆవిరి బయటికొచ్చే దారిలో పెంకును మెత్తబరుస్తుంది. పది నిమిషాల తర్వాత ట్రేలోంచి తీసి జాలీ మీద పెట్టాలి. లేకపోతే అదే ఆవిరి అడుగున నీరై బన్నును తడిపేస్తుంది. వేడిమీద విరవాలనే తొందర సహజమే గానీ, అరగంటైనా ఆగకపోతే లోపల ఇంకా కుదురుకోని పిండి జిగురుగా చేతికి వస్తుంది.

నిలవ

బన్ను గట్టిపడడానికి ఎండిపోవడమే కారణమని అందరూ అనుకుంటారు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బూసెంగో 1852లోనే ఈ సంగతి పరీక్షించాడు. తేమ పోకుండా మూసి ఉంచిన రొట్టె కూడా గట్టిపడింది, మళ్లీ వేడి చేస్తే మెత్తబడింది. ఉడికినప్పుడు చెదిరిపోయిన పిండిపదార్థపు అణువులు చల్లారాక మెల్లగా మళ్లీ వరసకట్టి, తమలోని నీళ్లను వదిలేస్తాయి. నీళ్లు బన్నులోనే ఉంటాయి, కానీ మెత్తదనానికి పనికిరావు. ఈ మార్పు ఫ్రిజ్‌లోని చలిలో అన్నిటికంటే వేగంగా జరుగుతుంది. రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి బిరుసెక్కేది ఇందుకే. కాబట్టి బన్నును ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

పూర్తిగా చల్లారాక మూత గట్టిగా ఉండే డబ్బాలో బయటే ఉంచితే రెండు రోజులు బాగుంటుంది. వెచ్చగా ఉండగానే మూసేస్తే ఆవిరి చెమటగా మారి బూజు పడుతుంది. వానాకాలంలో ఇంకో ప్రమాదం ఉంది. పిండిలోనే ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఓవెన్ వేడికి కూడా చావకుండా మిగిలి, ఉక్కగా ఉన్న రోజుల్లో పెరిగి, రొట్టెను లోపల జిగురు దారాలుగా సాగేలా చేస్తాయి, ముగ్గిన పండు వాసన వస్తుంది. అలాంటిది కనిపిస్తే పారేయాలి. పిండిలో ఒక చెంచా వెనిగర్ కలిపితే ఆ పులుపుకు ఇది తగ్గుతుంది, రుచిలో తేడా తెలియదు.

రెండు రోజులు దాటి ఉంచాలంటే ఫ్రీజరే దారి. చేసినరోజే, చల్లారిన వెంటనే, గాలి లేకుండా చుట్టి పెడితే నెల దాకా ఉంటుంది. తినేముందు బయటపెట్టి మంచు విడిచాక, రేకు కాగితంలో చుట్టి 150 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు ఉంచాలి. బన్ను మధ్యభాగం 60 డిగ్రీలు దాటగానే వరసకట్టిన అణువులు మళ్లీ చెదిరి, నీళ్లు తిరిగి వాటిలో చేరతాయి. ఈ మెత్తదనం చల్లారేదాకానే నిలుస్తుంది కాబట్టి ఎన్ని తింటారో అన్నే వేడిచేయాలి.